నాపరాయి మీద ఫెర్న్ ఆకులు: శిలాజమా, దుకాణం వారి మాయా?

కొత్తిల్లు_కర్నూలు
ఇంటికి నాపబండలు చూడటానికి బేతంచర్ల వైపు వెళ్లాను. ఒక దుకాణంలో కొన్ని బండలను విడిగా, గోడకు ఆనించి పెట్టారు. లేత పసుపు బండ మీద నల్లటి ఆకులు! ఏదో గీతలు కావు. కొమ్మ, కొమ్మకు రెమ్మలు, రెమ్మకు మళ్లీ సన్నని చీలికలు. "కోట్ల ఏళ్ల నాటి చెట్టు ముద్ర సార్, అసలైన శిలాజం. హాల్లో వేసుకుంటే ఇల్లే మ్యూజియం" అన్నాడు దుకాణదారు. మామూలు బండ కంటే చదరపు అడుగుకు 40 రూపాయలు ఎక్కువ చెబుతున్నాడు. మా ఆవిడకు తెగ నచ్చింది. నాకేమో అనుమానం. తడి గుడ్డతో తుడిచాను, పోలేదు. గోటితో గట్టిగా గీకితే కాస్త నలుపు అంటింది. రంగు వేశారనుకుందామంటే అంత సన్నగా ఎవరు వేయగలరు? మూడు ఫోటోలు పెట్టాను. తెలిసినవారు చెప్పండి, అడ్వాన్సు ఇంకా ఇవ్వలేదు.

మేస్త్రీ_మాట
ఇవ్వకండి. ఇలాంటి బండలు చాలా ఇళ్లలో పరిచాను. పాలిష్ పట్టిస్తే ఆకులు చాలావరకు లేచిపోతాయి. అదనంగా డబ్బు అడగడం మాత్రం ఇప్పుడే వింటున్నాను. ఒకప్పుడు వీటిని మచ్చపడ్డ సరుకని వెనక వరుసలో పెట్టేవాళ్లు, వంటింటి గట్టు కిందికి తోసేవాళ్లం.

సందేహాలరావు
మేస్త్రీ గారూ, పాలిష్‌కు పోయినంత మాత్రాన శిలాజం కాదని ఎలా తేలుతుంది? ఆకు ముద్ర కూడా పైపొరలోనే కదా ఉండేది. అరగదీస్తే ఏదైనా పోతుంది.

పాతరాతి_పంతులు
సందేహాలరావు గారి మాటలో న్యాయం ఉంది. పాలిష్‌ను బట్టి తేల్చలేం. కానీ ఫోటోలు చూశాక సందేహం లేదు, ఇవి డెండ్రైట్లు. చెట్టుకూ వీటికీ ఏ సంబంధమూ లేదు. మాంగనీసు, ఇనుము ఆక్సైడులు అంతే.

జరిగేది ఇది. నీటిలో కరిగిన మాంగనీసు బండ పొరల మధ్య ఉన్న సన్నని పగుళ్లలోకి ఊరుతుంది. అక్కడ ఆక్సిజన్ తగిలి ఆక్సైడుగా మారి రాతికి అంటుకుంటుంది. ఒకచోట చిన్న మొన లేచిందంటే, కొత్తగా వచ్చే పదార్థం ముందుగా ఆ మొనకే తగులుతుంది కాబట్టి అది ఇంకా ముందుకు సాగుతుంది. దాని పక్క నుంచి మరో మొన, దానికి మరొకటి. కొమ్మలు అలా వస్తాయి. ఇందులో ప్రాణమున్నదేదీ చెయ్యి పెట్టలేదు.

మీ రెండో ఫోటో పెద్దది చేసి చూడండి. 'ఆకులన్నీ' బండ అంచున ఉన్న ఒకే పగులు గీత నుంచి లేచి లోపలికి పాకాయి. మొక్క అయితే ఇలా వరుసగా ఒక గీత మీద నిలబడి మొలవదు. ఇంకా దగ్గరగా చూస్తే నడిమి ఈనె లేదు, ఆకుకు అంచు అన్నదే లేదు. ఫెర్న్ అనే పువ్వులు పూయని మొక్క రెమ్మలో చిట్టి ఆకులు మొదట్లో పొడవుగా ఉండి చివరికి ఒక పద్ధతిలో తగ్గుతూ పోతాయి. ఇక్కడ ఏ రెండు కొమ్మలకూ పొంతన లేదు, ఎక్కడ బుద్ధి పుడితే అక్కడ ఆగిపోయాయి.

ఇవన్నీ పక్కన పెట్టినా రాయి వయసు ఒక్కటి చాలు. బేతంచర్ల నాపరాయి 'కర్నూలు గ్రూపు' అనే రాతిపొరల్లోని సున్నపురాయి. దీన్ని కేంబ్రియన్‌కు ముందు కాలానిదిగా లెక్కగడతారు, అంటే సుమారు 54 కోట్ల ఏళ్లకు పైబడినది. నేల మీద మొక్కలు ఉన్నాయనడానికి మనకున్న పాత ఆధారాలు 47 కోట్ల ఏళ్లవి. ఫెర్న్‌లు ఇంకా తర్వాతే వచ్చాయి. ఫెర్న్ పుట్టకముందే దాని ముద్ర ఎలా పడుతుంది?

మేస్త్రీ_మాట
మనవడు పుట్టకముందే తాతకు వాడి బొమ్మ పచ్చబొట్టు!

కొత్తిల్లు_కర్నూలు
పంతులు గారూ, ధన్యవాదాలు. పగులు గీత నిజమే, ఇప్పుడు చూస్తే స్పష్టంగా కనిపిస్తోంది. మరి గోటికి నలుపు ఎందుకు అంటింది? అందుకే రంగు అనుకున్నాను.

పాతరాతి_పంతులు
కొన్ని మాంగనీసు ఆక్సైడులు మెత్తగా ఉంటాయి, చేతికి అంటుతాయి. రంగు వేసి మోసం చేశారని అనుకోవద్దు, రాయి మాత్రం అసలుదే. దుకాణదారు నిజంగానే శిలాజమని నమ్ముతూ ఉండవచ్చు.

నిమ్మచెక్క
ఇంత చర్చ ఎందుకు? ఇంట్లో నిమ్మకాయ లేదా? రెండు చుక్కలు పిండండి, పొంగితే శిలాజం, పొంగకపోతే రాయి. మా బంధువుల అబ్బాయి కాలేజీలో ఇలాగే చేసి చూపించాడు.

దక్కన్_దారి
నిమ్మరసం పరీక్ష సున్నపురాయిని పట్టిస్తుంది, శిలాజాన్ని కాదు. సున్నపురాయి ఎక్కడ పిండినా పొంగుతుంది, ఆకు ఉన్నచోటా లేనిచోటా. మాంగనీసు గీత మీద మాత్రం పొంగకపోవచ్చు. ఇక సిలికాగా మారిన చెట్టు మొద్దు మీద సీసాడు యాసిడ్ పోసినా బుడగ రాదు, అది మాత్రం నిఖార్సయిన శిలాజం. మీ లెక్కన అసలుది నకిలీ, నకిలీది అసలు అవుతాయి.

నిమ్మచెక్క
సరే, నిమ్మకాయ పులిహోరకు వాడుకుంటాను.

వికారాబాద్_రైతు
ఇదే సందర్భంలో నాదీ ఒకటి. మా పొలం గట్టు తవ్వితే గుండ్రటి రాళ్లు పడ్డాయి. కొన్ని కొబ్బరికాయంత, కొన్ని బిందెంత. పైన పొరలు పొరలుగా ఊడుతుంది, లోపల గట్టి నల్లరాయి. ఊరి కుర్రాడు వీడియో తీసి 'రాక్షసబల్లి గుడ్లు' అని పెట్టాడు. అప్పటి నుంచి రోజూ ఎవరో ఒకరు వస్తున్నారు, మొలకలు తొక్కేస్తున్నారు. గుడ్డు అవునో కాదో తేలితే నాకు ప్రశాంతత.

దక్కన్_దారి
కాదు. అవి నల్లరాతి గుండ్లు. మీ వైపు దక్కన్ లావా పొరలు ఉన్నాయి. లావా చల్లారేటప్పుడు రాయి నిలువుగా, అడ్డంగా పగిలి దిమ్మెలవుతుంది. ఆ పగుళ్లలోకి నీరు దిగి దిమ్మెను నాలుగు వైపుల నుంచీ తింటుంది. మూల రెండు మూడు ముఖాల నుంచి దెబ్బ తింటుంది, చదునైన ముఖం ఒక్క వైపు నుంచే. అందుకే మూలలు ముందు అరిగి చివరికి గుండ్రటి గుండు మిగులుతుంది, చుట్టూ కుళ్లిన పొరలు. ఒకదాన్ని పగలగొట్టండి. మధ్యలో పచ్చసొన ఉండదని నా పూచీ.

వికారాబాద్_రైతు
పగలగొట్టాను ఎప్పుడో. లోపల అంతా ఒకటే రాయి.

దక్కన్_దారి
అంతే మరి. గుడ్డుకు పెంకు ఉండాలి. పెంకు రాయిలో కలిసిపోయినా దాని మందం తెలుస్తుంది. మామూలుగా ఒకటి నుంచి మూడు మిల్లీమీటర్లు, గుడ్డు చుట్టూ దాదాపు ఒకే మందం. మీ రాయికి బయటి పొర ఒకచోట వేలు మందం, ఇంకోచోట అరచేతి మందం ఉంటుంది, దాని కింద మరో పొర, ఇంకో పొర. పైగా అది లావా రాయి. కరిగిన లావాలో ఏ బల్లి గుడ్డు పెడుతుంది?

గోదారి_గట్టు
'లావా ఉన్నచోట శిలాజం ఉండదు' అని మాత్రం ఎవరూ తీర్మానించకండి. రాజమహేంద్రవరం దగ్గర కాతేరు, అవతలి ఒడ్డున పంగిడి, గౌరీపట్నం క్వారీల్లో రెండు లావా పొరల మధ్య సున్నపురాయి పొర ఉంది. అందులో నత్తలు, ఆలిచిప్పలు దొరుకుతాయి. చిన్నప్పుడు మేం కంకర కుప్పల్లో ఏరుకునేవాళ్లం. మెలి తిరిగిన నత్త గుల్ల చుట్లు కూడా చెక్కుచెదరకుండా ఉండేవి.

దక్కన్_దారి
గోదారి_గట్టు గారు చెప్పింది అక్షరాలా నిజం, నేను అన్నదానికి విరుద్ధం కూడా కాదు. శిలాజం లావాలో లేదు, రెండు లావా ప్రవాహాల నడుమ విరామంలో పేరుకున్న ఒండ్రులో ఉంది. ఒకసారి లావా వచ్చి ఆగింది. దాని మీదికి నీరు చేరింది, నత్తలు బతికాయి, చచ్చాయి, మట్టి పడింది. మళ్లీ లావా వచ్చి మూత వేసింది. రాక్షసబల్లులు అంతరించిన 6.6 కోట్ల ఏళ్ల నాటి హద్దుకు దగ్గరి పొరలు కాబట్టి వాటిని దేశవిదేశాల వాళ్లు వచ్చి చూస్తారు. వికారాబాద్ గారి గుండు లావా దిమ్మె కడుపులోంచి వచ్చింది, తేడా అదీ.

ఇండోర్_తెలుగువాడు
గుడ్ల మాట వచ్చింది కాబట్టి చెప్పాలి. మేం ఉండే ఇండోర్‌కు పక్కనే ధార్ జిల్లా. అక్కడ పాడ్ల్యా అనే ఊళ్లో కొన్ని కుటుంబాలు గుండ్రటి రాళ్లను కాకర్ భైరవుడని తరతరాలుగా కొలుస్తున్నాయి. పొలానికి, పశువులకు కాపలా దేవుడు. 2023లో లక్నో బీర్బల్ సాహ్నీ సంస్థ నిపుణులు వచ్చి చూసి, ఇవి రాక్షసబల్లుల గుడ్ల శిలాజాలని చెప్పారు. అదే జిల్లాలో ఢిల్లీ విశ్వవిద్యాలయం వాళ్లు 92 గూళ్లు, 256 గుడ్లు లెక్కపెట్టి అదే ఏడాది ప్రచురించారు. కాబట్టి గుండ్రటి రాయి అనగానే కొట్టిపారేయడమూ తప్పే.

సందేహాలరావు
చూశారా! అక్కడి వాళ్లను కూడా ముందు "పిచ్చివాళ్లు, రాయికి మొక్కుతున్నారు" అనే ఉంటారు.

పాతరాతి_పంతులు
రావు గారూ, ధార్ గుడ్లను గుడ్లని తేల్చింది వాటి గుండ్రదనం కాదు. అక్కడి రాయి లమేటా పొరలు, ఒండ్రు రాయి, రాక్షసబల్లుల కాలానిది. గుడ్లు ఇంచుమించు ఒకే సైజు, 15 నుంచి 17 సెంటీమీటర్లు, గుంపులుగా గూటిలో ఉన్నట్టు ఉన్నాయి. పెంకు ముక్కను సూక్ష్మదర్శిని కింద పెడితే గాలి ఆడే రంధ్రాలు కనిపిస్తాయి. వికారాబాద్ గారి పొలంలో వీటిలో ఒక్కటైనా ఉందా? కొబ్బరికాయంతదీ బిందెంతదీ పక్కపక్కనే అన్నారు ఆయనే. ఏ తల్లీ అలా పెట్టదు.

దీనికి ఎదురు ఉదాహరణ తమిళనాడులో ఉంది. 2020లో పెరంబలూరు జిల్లా కున్నం దగ్గర చెరువు మట్టి తీస్తుంటే గుండ్రటి పెద్ద రాళ్లు పడ్డాయి. రాక్షసబల్లి గుడ్లని ఫోన్లలో తెగ తిరిగింది. చూసినవాళ్లు అవి అమ్మోనైట్ల (చుట్లు తిరిగిన గుల్ల ఉన్న పాతకాలపు సముద్ర ప్రాణుల) చుట్టూ ఒండ్రు గట్టిపడిన ముద్దలని చెప్పారు. ఆ ప్రాంతమంతా ఒకప్పటి సముద్రం. గుడ్లు కాకపోయినా లోపల ఉన్నది శిలాజమే అన్నమాట, జనం అనుకున్నది మాత్రం కాదు.

శ్రీవైష్ణవి_తిరుపతి
అమ్మోనైట్ అంటే సాలగ్రామంలో చక్రం అదే కదా? మా ఇంట్లో పూజలో ఉంది. అది కూడా 'రాయి మాయ' అంటారా?

పాతరాతి_పంతులు
మాయ కాదమ్మా, అది నిఖార్సయిన శిలాజం. నేపాల్‌లో ముక్తినాథ్ వైపు, కాళీ గండకీ నదిలో దొరుకుతాయి. జురాసిక్ కాలపు సముద్రంలో బతికిన ప్రాణి, హిమాలయం లేచినప్పుడు ఆ సముద్రపు అడుగు పైకి వచ్చింది. చక్రంలోని గాట్లను చూడండి. బయటి చుట్టు నుంచి లోపలి చుట్టుకు ఒకే నిష్పత్తిలో చిన్నవవుతూ పోతాయి. ఆ క్రమం ప్రాణి పెరిగిన లెక్క. నీటి కోతకు అలాంటి లెక్క రాదు.

శ్రీవైష్ణవి_తిరుపతి
మా అమ్మమ్మ స్వామి పెరుగుతాడు అనేది.

సందేహాలరావు
పెరిగినవాడే, అమ్మమ్మ గారు చెప్పింది జురాసిక్ కాలం ముచ్చట.

డల్లాస్_పద్మ
మధ్యలో ఒక ప్రశ్న. మా నాన్నగారి ఇంట్లో కోటా రాయి పరిచారు, ఆకుపచ్చగా ఉంటుంది. 'కోట రాళ్లలో రాక్షసబల్లి ఎముకలు దొరికాయి' అని ఎక్కడో చదివాను. గచ్చును ఒకసారి జాగ్రత్తగా చూడమని నాన్నకు చెప్పనా?

గనిమనిషి
చెప్పకండి, పాపం ఆ వయసులో మోకాళ్ల మీద కూర్చుంటారు. గచ్చుకు వేసేది రాజస్థాన్ కోటా రాయి. ఎముకలు దొరికింది ప్రాణహిత ఒడ్డున, సిరోంచ దగ్గర కోట అనే ఊరి పేరు పెట్టిన పొరల్లో. రెండింటి మధ్య వెయ్యి కిలోమీటర్ల దూరం కాకపోయినా కోట్ల ఏళ్ల దూరం ఉంది.

డల్లాస్_పద్మ
అమ్మయ్య. ఇప్పటికే వాట్సాప్‌లో పంపేశాను. ఆయన టార్చిలైటు తీసుకున్నారట.

గనిమనిషి
సరే, నా సంగతి. సింగరేణిలో పనిచేసి రిటైరయ్యాను. బొగ్గు పొర మీద ఉండే పలకరాయిలో ఆకులు చూడాలంటే మా దగ్గర చూడాలి. బూడిద రంగు పలకను ఉలి పెట్టి పొర వెంట తడితే పుస్తకం తెరిచినట్టు రెండుగా విచ్చుకుంటుంది. ఒక వైపు ఆకు, ఇంకో వైపు దాని అచ్చు. నాలుకలా పొడవాటి ఆకు. నడిమి ఈనె లావుగా కింది నుంచి పైదాకా సాగుతుంది. దాని నుంచి బయలుదేరిన సన్న ఈనెలు ఒకదానితో ఒకటి కలుస్తూ వలలా అల్లుకుని అంచును చేరతాయి. గ్లోసాప్టెరిస్ అంటారు. ఒక పలకలో అలాంటి ఆకులు పది ఉంటే పదీ అదే అల్లిక. కొత్తిల్లు గారి బండ మీది ఆకుల్లో రెండింటినైనా పోల్చి చూడండి, ఎక్కడా కుదరవు.

ఆకు పొర వెంట పడుకుని ఉంటుంది, ఇది కూడా గమనించాలి. ఒండ్రులో పడిన ఆకు పడుకోక ఏం చేస్తుంది? మాంగనీసు మాత్రం నిలువు పగులులో కూడా అంతే అందంగా పాకుతుంది.

ఇదే ఆకు ఆఫ్రికాలో, ఆస్ట్రేలియాలో, దక్షిణ అమెరికాలో దొరుకుతుంది. 1912లో దక్షిణ ధ్రువం నుంచి తిరిగివస్తూ స్కాట్ బృందం మంచులో చనిపోయింది కదా, వాళ్ల బండిలో 16 కిలోల రాళ్లు ఉన్నాయి. ప్రాణం పోతున్నా వదల్లేదు. అందులో ఉన్నదీ ఈ ఆకే. ఆ ఖండాలన్నీ ఒకప్పుడు కలిసి ఉన్నాయనడానికి పెద్ద సాక్ష్యం. మా గనుల్లో మాత్రం బూడిద కుప్పలోకి పోయేది.

కొత్తిల్లు_కర్నూలు
గనిమనిషి గారు చెప్పినట్టు పోల్చి చూశాను. నిజమే, ఒక్కటీ కలవలేదు. దుకాణానికి ఫోన్ చేసి అదనపు ధర ఇవ్వనన్నాను. "మీకు నచ్చకపోతే హైదరాబాద్ పార్టీ ఉంది" అన్నాడు. మా ఆవిడ "శిలాజం కాకపోతేనేం, బాగుంది కదా" అంటోంది. మామూలు ధరకిస్తే రెండు బండలు తీసుకుని పాలిష్ లేకుండా వరండా గోడకు పెడతాం. దీని మీద ఇక చర్చ మూసేశాను, ఇంట్లో.

బిలసర్గం_బాట
బేతంచర్ల పేరు ఇన్నిసార్లు వచ్చి బిలసర్గం గుహల ఊసే రాలేదేమిటి! అదే సున్నపురాయి, అదే చుట్టుపక్కల. 1880లలో భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ పర్యవేక్షణలో ఆయన కుమారుడు అక్కడ గుహల అడుగు మట్టిని తవ్వించి జంతువుల ఎముకలు తీశాడు. అసలైన శిలాజాలు. రాయి వయసుకు వాటికీ సంబంధం లేదు. రాయి కోట్ల ఏళ్ల నాటిది, గుహలో మట్టి నిన్నమొన్నటిది, భూమి లెక్కలో. కాబట్టి 'ఈ రాయిలో శిలాజం ఉండదు' అన్నా, ఆ రాతి గుహలో ఉండవచ్చు.

పాతరాతి_పంతులు
మంచి సవరణ. ఎముక రాయిలో ఉందా, రాతి సందులోని మట్టిలో ఉందా అన్నది ముందు చూసుకోవాలి.

సందేహాలరావు
అందరూ 'నిపుణులు చూసి చెప్పారు' అంటున్నారు కాబట్టి మధ్యప్రదేశ్‌లోని భీంబేట్కా గుహల కథ గుర్తుచేస్తాను. అక్కడి గుహ పైకప్పు మీద డికిన్సోనియా అనే 55 కోట్ల ఏళ్ల నాటి ప్రాణి ముద్ర దొరికిందని విదేశీ నిపుణులు ప్రకటించారు. 2021లో పత్రికలన్నీ రాశాయి. చివరికి తేలిందేమిటి? తేనెపట్టు మచ్చ! మేస్త్రీ గారు అయితే మొదటి రోజే చెప్పేవారు.

మేస్త్రీ_మాట
తేనెపట్టు అయితే చెప్పేవాణ్ణే. కుట్టించుకున్నవాడికి తెలుస్తుంది.

ఇండోర్_తెలుగువాడు
రావు గారు సగమే చెప్పారు. అది తప్పని తేల్చిందీ నిపుణులే. ఫ్లోరిడా విశ్వవిద్యాలయం వాళ్లూ ఇక్కడి వాళ్లూ మళ్లీ వెళ్లి చూస్తే ఆ 'శిలాజం' రాతి నుంచి పొరగా ఊడిపోతోంది. కోట్ల ఏళ్లు రాయిలో ఉన్నది రెండేళ్లలో ఊడుతుందా? దగ్గరగా చూస్తే తేనెపట్టు గదులు కనిపించాయి. కొండ తేనెటీగల పట్టు రాలిపోయాక మిగిలిన మైనం మచ్చ అది. 2023లో అచ్చువేశారు. మొదట ప్రకటించినాయన కూడా ఒప్పుకున్నారు. ఇంత పద్ధతిగా తప్పు దిద్దుకునే యూట్యూబ్ చానెల్ ఒకటి చూపించండి.

సందేహాలరావు
నేను చానెళ్ల తరఫున మాట్లాడటం లేదు. ఫోటో చూసి "సందేహం లేదు" అనే మాట మీద నా అభ్యంతరం. భీంబేట్కాలో కూడా ఫోటోలు చూసే మొదలయింది.

పాతరాతి_పంతులు
నా మాటకే అభ్యంతరం పెట్టారు, బాగుంది. భీంబేట్కాలో వాళ్లు ఆకారాన్ని నమ్మి, దాన్ని బట్టి రాయి వయసును తగ్గించుకున్నారు. అక్కడి రాయి అంతకంటే చాలా పాతదని వాదించేవాళ్లు అప్పటికే ఉన్నారు. నేను ఇక్కడ వయసు నుంచి ఆకారానికి వచ్చాను. 47 కోట్ల ఏళ్ల కంటే పాత ఫెర్న్ ఎవరైనా చూపిస్తే నా మాట వెనక్కి తీసుకుంటాను. మాంగనీసు డెండ్రైట్ అన్నది ఫోటోలోనే గుర్తుపట్టగలిగినంత సాధారణం. అరుదైనదాన్ని ఫోటోలో నిర్ధారించకూడదన్నంత వరకు మీతో ఏకీభవిస్తాను.

వేంపల్లి_వాసి
మా ఊరి పక్క గుట్టల్లో బూడిద రంగు రాయి మీద ఒకదాని మీద ఒకటి బోర్లించిన మూకుళ్ల వరుసల్లాంటి గీతలు ఉంటాయి. పైనుంచి చూస్తే గుండ్రాలు, పక్క నుంచి చూస్తే వంపు తిరిగిన సన్నని పొరలు. మా కాలేజీ విహారయాత్రలో ఒకాయన శిలాజం అన్నారు, ఇంకొకాయన నీటి అలల గుర్తు అన్నారు. ఇద్దరూ బస్సులో దారంతా పోట్లాడుకున్నారు. పంతులు గారి లెక్కన ఇంత పాత రాయిలో శిలాజం ఉండకూడదు కదా?

పాతరాతి_పంతులు
ఉంటుంది. మీరు చెబుతున్నవి స్ట్రొమటోలైట్లు, మీ ఊరి పేరుతోనే ఉన్న వేంపల్లె డోలమైట్ రాయిలో ఇవి ప్రసిద్ధి. మొక్కలూ జంతువులూ లేని కాలంలో కూడా సూక్ష్మజీవులు ఉన్నాయి. లోతులేని నీటిలో అవి జిగురు చాపలా పరుచుకుంటాయి. మీద సన్నని ఒండ్రు పడుతుంది, వెలుతురు కోసం జీవులు దాన్ని దాటి పైకి పాకి మళ్లీ చాప పరుస్తాయి. అలా పొర మీద పొర. పులివెందుల దగ్గర ఈ పొరల్లోకి చొచ్చుకొచ్చిన అగ్నిశిల వయసు సుమారు 188 కోట్ల ఏళ్లని కొలిచారు. చొచ్చుకొచ్చిన రాయి కంటే అది చొచ్చుకున్న పొర పాతదే కావాలి, అందువల్ల మీ గుట్ట ఇంకా పాతది. ఆస్ట్రేలియా షార్క్ బే తీరంలో ఇలాంటివి నేటికీ పెరుగుతున్నాయి.

అలల గుర్తుకూ దీనికీ తేడా: అలలు పొర పైముఖాన గాడి వేసి వదిలేస్తాయి, పల్లంలో ఒండ్రు నిండి చదునవుతుంది. స్ట్రొమటోలైట్‌లో గుబ్బ మీద గుబ్బ, గుబ్బ దగ్గరే పొర మందం. గురుత్వానికి వ్యతిరేకంగా, ఎత్తు మీదే మళ్లీ ఎత్తు పెరగడం ఒండ్రుకు చేతకాని పని.

సందేహాలరావు
గ్రీన్‌లాండ్‌లో 370 కోట్ల ఏళ్ల స్ట్రొమటోలైట్లని 2016లో అన్నారు, 2018లో మరొకరు కాదు, రాయి నొక్కుడుకు ముడుచుకున్న ముడతలన్నారు. అదీ చెప్పండి.

పాతరాతి_పంతులు
చెప్పేశారుగా. అందుకే వేంపల్లె వంటి చోట్ల మెలి పడని, చెక్కుచెదరని పొరలున్న రాయికి అంత విలువ.

నల్లరేగడి
మా ప్రకాశం జిల్లా పొలంలో దున్నితే తెల్లటి వేలెముకల్లాంటివి వస్తాయి. కణుపులు కూడా ఉన్నట్టే ఉంటాయి. నాలుకకు ఆనిస్తే అంటుకుంటే ఎముక అని ఎవరో చెప్పారు. అంటుకుంది!

దక్కన్_దారి
ముందు నోరు కడుక్కోండి. రంధ్రాలున్న ఏ వస్తువైనా నాలుకకు అంటుతుంది, సుద్ద కూడా. నల్లరేగడిలో అవి సున్నపు గడ్డలు. వేసవిలో నీరు ఆవిరై సున్నం మిగులుతుంది, చాలాసార్లు వేళ్ల చుట్టూ పేరుకుంటుంది. విరిచి చూడండి, మధ్యలో సన్నని రంధ్రం ఉంటే అది వేరు ఉన్న జాగా. ఎముకను విరిస్తే బయట గట్టి గోడ, లోపల జాలీ కనిపించాలి.

నల్లరేగడి
విరిచాను. రంధ్రం ఉంది. కంది వేరు అయి ఉంటుంది. నాలుక ఇంకా సున్నంగానే ఉంది.

మేస్త్రీ_మాట
వక్క ఒకటి ఉంటే తాంబూలం సరిపోయేది.

బిలసర్గం_బాట
నిజంగా ఏదైనా దొరికితే ఏం చేయాలో కూడా చెప్పుకుందాం. ఊడబెరకడం, ఇంటికి మోసుకుపోవడం వద్దు. ఏ పొరలో, ఏ ఎత్తున ఉందో తెలియకపోతే సగం విలువ పోయినట్టే. పక్కన నాణెమో స్కేలో పెట్టి మూడు వైపుల నుంచి ఫోటో తీయండి, ఫోన్‌లో ఆ చోటు గుర్తించి పెట్టుకోండి. హైదరాబాద్ బండ్లగూడలో జియలాజికల్ సర్వే దక్షిణ ప్రాంత కార్యాలయం ఉంది, వాళ్లకు రాయండి. లేదంటే దగ్గరి విశ్వవిద్యాలయం భూగర్భశాస్త్ర శాఖ.

వికారాబాద్_రైతు
నాణెం లేకుండా వీడియో తీశారు కాబట్టే మా గుండ్లు ఏనుగంత కనిపించాయి. ఇకనుంచి వచ్చేవాళ్లకు ఈ చర్చ చూపిస్తాను. చదివేలోగా మొలకలు పెరుగుతాయి.

డల్లాస్_పద్మ
డిసెంబరులో పిల్లలతో హైదరాబాద్ వస్తున్నాం. ఈ చర్చంతా చదివించాను, ఇప్పుడు వాళ్లకు అసలైన ఎముకలు చూడాలని ఉంది. ఎక్కడ?

గనిమనిషి
బిర్లా సైన్స్ మ్యూజియం. పాత ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర జియలాజికల్ సర్వే వాళ్లు తవ్వి తీసిన కోటాసారస్ అక్కడ నిలబెట్టి ఉంది. 1988లో యాదగిరి గారు ఆ పేరు పెట్టారు. ఊరి పేరు కూడా అందులో ఉంది, కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్. మన నేలలో దొరికిన మన బల్లి.

డల్లాస్_పద్మ
మా చిన్నవాడు అప్పుడే అడుగుతున్నాడు, అవి మొత్తం నిజమైన ఎముకలేనా లేక దుకాణం బండల్లాంటివా అని.

గనిమనిషి
ఒళ్లు చూసి నమ్మమనండి. తల మాత్రం తవ్వకంలో దొరకలేదు, పళ్లే దొరికాయి. మెడ చివర కనిపించే తల ఊహించి చేసి పెట్టింది.